ఎల్లం నాలుక

మెదక్‌లో రామాయంపేట రోడ్డు మీదున్న ఆ కల్లు దుకాణంలో పొద్దున తెరిచాక మొదటి సీసా ఎవరికీ అమ్మరు. అది ఎల్లం తాగాలి. తాగి తల ఊపాలి. అప్పుడే మిగిలినవాళ్ళ చేతుల్లోకి సీసాలు వెళ్తాయి. ఇది ప్రభుత్వం పెట్టిన నిబంధన కాదు, గీత కార్మికుల సంఘం రాసుకున్న తీర్మానమూ కాదు. ఊరికే జనానికి అలవాటైపోయింది. నలభై ఏళ్ళ అలవాటు కాబట్టి దాన్ని కాదనే ధైర్యం ఎవరికీ లేదు.

ఎల్లానికి అరవై మూడేళ్ళు. పదిహేనో ఏట నడుముకు మోకు కట్టుకుని తాటిచెట్టెక్కినవాడు. ఏ చెట్టు కల్లు ఏ నెలలో ఎట్లా ఉంటుందో చెప్పగలడు. చేగుంటలో ఒక పెళ్ళికి పోయి రెండు గుక్కలు తాగి, ఇందులో కాలువ పక్క చెట్టుదీ రాతినేల చెట్టుదీ కలిశాయన్నాడు. కల్లు తెచ్చినవాడు నోరు తెరిచి నిలబడిపోయాడు. ఆ ముచ్చట ఎల్లం కనీసం వెయ్యిమందికి చెప్పుంటాడు. విన్నవాళ్ళకే మళ్ళీ చెప్పేవాడు. నాలుకను ఎవరైనా మెచ్చుకుంటే ముఖం చాటంత అయ్యేది.

నాలుగేళ్ళ కింద చెట్టు మీద నుంచి జారాడు. కాల్లో రాడ్డు వేశారు. చెట్లన్నీ తమ్ముడి కొడుకు మల్లేశ్ చేతిలో పెట్టాడు. దుకాణం కూడా మల్లేశే చూసుకుంటున్నాడు. ఎల్లానికి మిగిలింది ఆ మొదటి సీసా ఒక్కటే. కుంటుకుంటూ ఆరున్నరకల్లా వచ్చి అరుగు మీద కూర్చుంటాడు. జనం వరసలో నిలబడి అతని తల వైపు చూస్తారు. ఆ నిమిషం కోసమే అతను రాత్రంతా బతికినట్టుండేది. కాలు పోయినవాడికి ఊళ్ళో ఇంకా ఒక విలువుందంటే, అది ఆ నిమిషం వల్లే.

పోయిన ఏడాది బాలనర్సమ్మ సంగతితో ఆ విలువ ఇంకా పెరిగింది. ఆమె కైకిలికి, అంటే రోజుకూలి పనికి, పోయే మనిషి. పొద్దునొక సీసా, సాయంత్రమొక సీసా తప్పనిసరి. కౌడిపల్లిలో బిడ్డ ఇంటికి పోయి మూడో రోజు కాళ్ళూ చేతులూ కొట్టుకుని పడిపోయింది. గాలి సోకిందన్నారు, నిమ్మకాయలు దిగదీశారు. తీసుకొచ్చి దుకాణం ముందు పడుకోబెడితే, ఎల్లమే తల ఒడిలో పెట్టుకుని కల్లు పోశాడు. గంటలో లేచి కూర్చుంది. "చెట్టు కల్లంటే తల్లిపాలసోంటిది" అన్నాడు ఎల్లం అందరూ వినేటట్టు. నెలరోజులు అదే ముచ్చట.

ఇట్లాంటి మనిషి ఇంటికి ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం బిడ్డ సృజన హైదరాబాదు నుంచి నాలుగు రోజుల సెలవు మీద వచ్చింది. హోటల్ చదువు చదివింది, హోటల్లో పని చేస్తోందని ఇంట్లో అనుకుంటున్నారు. బట్టల మధ్య నుంచి తువ్వాలు చుట్టిన సీసా తీసి చాప మీద పెట్టింది. వెంట రెండు గాజు గ్లాసులు, పొడుగు కాళ్ళవి. సీసాలో ఉన్నది నల్లటి ఎరుపు.

తల్లి పోశవ్వ బియ్యం చెరుగుతున్నది చాట కింద పెట్టేసింది. "గిదేందే?"

"వైన్, అవ్వ. ఇటలీది. నేను హోటల్ల చేస్తలేను. ఫారిన్ వైన్లమ్మే షాపుల చేస్తున్న. ఏది ఎట్ల ఉంటదో వచ్చినోళ్ళకు చెప్పాలె. గదే నా పని."

పోశవ్వ ముందు లేచి వీధి తలుపు మూసింది. తర్వాత వచ్చిన మాటలు రాయదగ్గవి కావు. ఆడపిల్ల సారా దుకాణంలో నిలబడిందని, ఇంక ఇంటి మొహం చూసేవాళ్ళు ఉండరని, వాటి సారాంశం. ఎల్లం కూడా ఉలిక్కిపడ్డాడు. కానీ అతని చూపు సీసా మీద నుంచి మళ్ళలేదు.

"ఊకో పోశీ. మనింట్ల పుట్టినోళ్ళు ఇంకేం అమ్ముతరు, పాలా?" అన్నాడు. తర్వాత బిడ్డతో, "గిది రాజులు తాగేదా?"

"కాదు బాపు. ఇటలీల చేన్ల పని చేసేటోళ్ళు బువ్వ తినుకుంట తాగేది. మాంటెపుల్చానో అంటరు. ఈడికొచ్చేసరికి పన్నులు పడి పిరమైతది గని, ఇటలీవాటన్నిట్ల ఇదే అగ్గువది."

ఆ మాట ఎల్లానికి నచ్చింది. కూలివాళ్ళు తాగే చవకదాన్ని కూలివాళ్ళ నాలుకతోనే చూడాలి కదా.

అసలు విషయం సృజన మెల్లగా చెప్పింది. వచ్చే నెల ఆమెకు పరీక్ష. కళ్ళకు గంతలు కట్టుకుని గ్లాసులో ఏముందో రుచి చూసి చెప్పాలి. శిక్షణ ఇచ్చే సారుతో ఒకరోజు, మా బాపు నాలుక ముందర మీరందరూ దిగదుడుపే అన్నదట.

"ఏమన్నడు?"

"నవ్విండు. కల్లు తాగెటోళ్ళకు నాలుకేడుంటదమ్మా అన్నడు."

ఎల్లం ముఖం ఎర్రబడింది. సృజన ఫోను చూపించింది. ఈ వైను గురించి పెద్ద పెద్ద వాళ్ళు రాసిన మాటలు అందులో ఉన్నాయి. అవి ఇప్పుడే చదివి వినిపించను, నువ్వే తాగి చెప్పు, నువ్వు చెప్పేది రికార్డు చేసి సారుకు పంపుతానంది.

"గట్లైతే ఇయ్యాల కాదు" అన్నాడు ఎల్లం. "మూడు దినాలు ఆగాలె. నాలుక కడగాలె."

అది వాళ్ళ ఇంటి పద్ధతి. కొత్త చెట్టు నుంచి మొదటి లొట్టి, అదే కల్లు కుండ, దించే ముందు, రుచి చూసేవాడు మూడు రోజులు కల్లు ముట్టడు, బీడీ కాల్చడు, కారం తినడు. పెరుగన్నం, నీళ్ళు, అంతే. ఎల్లం తండ్రి అట్లాగే చేసేవాడు. ఎల్లం తాను చెట్టెక్కినన్నాళ్ళూ ఏటా చేశాడు. కాలు విరిగాక కొత్త చెట్లూ లేవు, ఆ పద్ధతీ లేదు. మల్లేశ్‌కు కబురు చేశాడు, మూడు రోజులు తను రానని, తన పేరు చెప్పి దుకాణం నడుపుకొమ్మని.

మొదటి రోజు తల బరువన్నాడు. ఎండ అనుకున్నారు. ఆ రాత్రి కన్ను మూతపడలేదు. రెండో రోజు చేతులు వణకడం మొదలైంది. పెరుగన్నం గిన్నె పట్టుకుంటే మెతుకులు ఒళ్ళో పడ్డాయి. ఒళ్ళంతా చెమట. గోడ మీద బల్లి పాకితే అదిరిపడ్డాడు. పోశవ్వ గొణిగింది, "తాగుబోతోని తీరే గంత. ఒక్క సీస తెప్పిస్త, తాగి పండుకో." సృజన కూడా అదే అనుకుంది. తండ్రి కల్లుకు ఇంతగా అలవాటుపడ్డాడని ఆమెకు తెలియదు. సిగ్గుగా అనిపించింది.

ఎల్లానికి మాత్రం అర్థం కాలేదు. "ముప్పై నలభైసార్లు గిట్లనే నాలుక కడిగిన. ఒక్కసారన్న చేతులు వణికినయా పోశీ? నువ్వే చెప్పు."

"అప్పుడు వయసున్నది" అంది పోశవ్వ. ఆ సమాధానం అతనికి సరిపోలేదు, కానీ ఇంకొకటి దొరకలేదు.

మూడో రోజు మధ్యాహ్నం సృజన ఫోను రికార్డుకు పెట్టి, సీసా బిరడా తీసింది. గ్లాసులో రెండు వేళ్ళంత పోసింది. ఎల్లం మొదట వేలు ముంచి మూడు చుక్కలు నేల మీద చిలకరించాడు, ఎల్లమ్మ తల్లికి. పోశవ్వ అంత కోపంలోనూ దండం పెట్టుకుంది. గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు, ఒక చేతితో పట్టుకుంటే ఒలికేటట్టుంది.

గ్లాసును ఎట్లా తిప్పాలో చెప్పబోయింది సృజన. అతను అప్పటికే తిప్పుతున్నాడు, లొట్టి అడుగున ఏముందో చూడడానికి తిప్పినట్టు. ఒక చుక్క అరచేతిలో వేసి రుద్ది వాసన చూశాడు. తర్వాత ఒక చిన్న గుక్క నోట్లో పెట్టి, పెదవుల సందు నుంచి గాలి లోపలికి లాగాడు, సన్నటి చప్పుడుతో. సృజన కళ్ళు పెద్దవి చేసింది. ఆ గాలి లాగడం నేర్పడానికి వాళ్ళ సారుకు మూడు నెలలు పట్టింది.

ఎల్లం మింగాడు. ముఖంలో ఆశ్చర్యం తప్ప ఏమీ లేదు.

"తియ్యగ లేదేందే? ద్రాచ్చపండు నీళ్ళంటె బెల్లం లెక్కుంటదనుకున్న."

ఇంకో గుక్క. ఈసారి కళ్ళు మూసుకున్నాడు.

"వగరున్నది. అల్లనేరేడు తిన్నంక నాలుక పట్టుకుంటది సూడు, గట్ల. దాని ఎన్కనే పులుపొస్తది, చింతపండు పులుపు కాదు, ఉసిరికాయది. వాసనల ఎండుటాకున్నది. తొలకరి పడ్డ రేగడున్నది." ఆగి, మళ్ళీ అన్నాడు, "పండు మంచిగ ఎండ తిన్నది. అగ్గువదే, దాని మాటల గొప్పలు లేవు. గని అబద్ధం గూడ లేదు. ఒకదాని ఎన్క ఒకటొస్తున్నయ్, పంక్తిల కూసున్నోళ్ళ లెక్క. మింగినంక చివరికి జర తియ్యగొస్తది, గది ఏరే ఏసింది కాదు, పండుదే. ఇందుల ఎవ్వలు ఏం కలపలే."

సృజన ఫోను తెరిచింది. రికార్డు ఆపి, పెద్దవాళ్ళు రాసింది పైకి చదివింది. నల్లటి చెర్రీ పండు, నాలుకను పట్టే వగరు, చురుకైన పులుపు, ఎండుటాకులు, తడిమట్టి, ఎండ బాగా పడే కొండవాలు తోటలు.

"చెర్రీ అంటే ఏంది?"

"మన నేరేడనుకో బాపు."

పోశవ్వ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. కట్టుకున్నప్పటి నుంచీ ఆ నాలుక గొప్పలు విని విసిగిన మనిషి. అందులో నిజం ఉందని ఇటలీవాడు వచ్చి చెప్పాల్సివచ్చింది. ఎల్లం మాత్రం గొప్పలు పోలేదు. ఆ గ్లాసును చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. ఎక్కడో సముద్రాల అవతల ఎవడో పేరు తెలియని కూలివాడు చెమటోడ్చి పండించి, మోసం చేయకుండా సీసాలో పోసి పంపించాడు. అది తలచుకుంటే అతనికి సంతోషం కలిగింది. ఆ మనిషి ఎదురుగా ఉంటే పక్కన కూర్చోబెట్టుకునేవాడు.

"ఇగ అయింది గద నీ పూజ" అంది పోశవ్వ. అతని చేతుల వణుకు ఇంకా తగ్గలేదు. ఆమె పక్కింటివాళ్ళతో మల్లేశ్ దుకాణం నుంచి ఒక సీసా ముందే తెప్పించి పెట్టింది. రెండో గాజు గ్లాసులో కల్లు పోసి ఇచ్చింది. "తాగి జర పండు."

చేతిలో గ్లాసు ఉన్నది కాబట్టి ఎల్లం అదే మర్యాద చేశాడు. తిప్పాడు. అరచేతిలో రుద్ది వాసన చూశాడు. గుక్క పెట్టి గాలి లాగాడు.

లాగుతూనే ఆగిపోయాడు. నోట్లోది నేల మీద ఉమ్మేశాడు.

"గిదెక్కడిది?"

"ఎక్కడిదేంది, మన మల్లేశ్ దుకాణంలది."

మళ్ళీ చూశాడు. ఈసారి నాలుక చివరతో. పులుపు ఉంది. ఆ పులుపు కింద, నాలుక మొదట్లో, మందు గోలీ నమిలినట్టు ఒక చేదు. ఆ చేదు తగిలిన చోట నాలుక మొద్దుబారుతోంది. సీసా వెలుతురుకు పెట్టి చూశాడు, అడుగున తెల్లటి మడ్డి కదిలింది.

"గీ చేదు చెట్టుది కాదు" అన్నాడు. సీసా బిడ్డకు చూపించాడు. "కల్లుకు చేదుండదు సృజనా. ఎవ్వలన్న చెప్పమను. నాలుగేండ్ల సంది గిదే తాగుతున్న. గిదే మంచిగున్నదని తల ఊపుతున్న."

ఇదెట్లా సాధ్యమని సృజన అడగలేదు, అతనే చెప్పుకున్నాడు. మందు ఒక్కసారే ఎక్కువగా వేస్తే మొదటి గుక్కకే పట్టుకునేవాడు. మల్లేశ్ చిటికెడుతో మొదలుపెట్టి ఉంటాడు. నాలుక అలవాటు పడిన కొద్దీ ఇంకో చిటికెడు. మధ్యలో ఒక్క మూడు రోజులు నాలుక కడిగి ఉంటే తెలిసిపోయేది. కొత్త చెట్లు లేవు కదా అని కడగలేదు. చేదు తగిలినప్పుడల్లా ముసలి చెట్ల వగరనుకున్నాడు, తన ముసలితనం అనుకున్నాడు. ఈ వణుకు కల్లు లేక వచ్చింది కాదు, ఆ మందు లేక వచ్చింది. ఇదే వణుకు కౌడిపల్లిలో బాలనర్సమ్మకు వచ్చింది. ఆమె తలను ఒడిలో పెట్టుకుని పోసింది తల్లిపాలు కాదు. అతను గ్లాసు కింద పెట్టి, నెత్తిన రెండు చేతులూ పెట్టుకుని, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. పోశవ్వ పెళ్ళయిన తర్వాత ఆ ఏడుపు చూడడం అదే మొదటిసారి.

సృజన ఆటో మాట్లాడి దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరు చేతులు చాపించి చూసి, వివరం అడిగి, ఇది నిద్రమాత్రల మందన్నాడు. ఒక్కసారి మానేస్తే ఫిట్లు వస్తాయని, ప్రాణం మీదికి రావచ్చని, మాత్రలిచ్చి మెల్లగా తగ్గించుకుంటూ పోవాలని చెప్పాడు. "మీ దిక్కు నుంచి వారానికి నలుగురైదుగురు వస్తున్నరు పెద్దాయన. ఎవలు చెప్పరు, కల్లే అంటరు."

మర్నాడు ఆరున్నరకు ఎల్లం దుకాణానికి పోయాడు. సృజన వెంట నడిచింది. మూడు రోజులు రానివాడు వచ్చాడని జనం జరిగి దారిచ్చారు. మల్లేశ్ ఎప్పటిలాగే మొదటి సీసా తీసి రెండు చేతులతో అందించాడు. "పానం మంచిగున్నదా పెద్దబాపు?"

ఎల్లం సీసా అందుకోలేదు.

"ఏం కలుపుతున్నవురా?"

మల్లేశ్ చుట్టూ చూశాడు. గొంతు తగ్గించాడు. "లోపలికి రా, మాట్లాడుకుందాం."

"ఈన్నే చెప్పు. ఎన్ని చెట్లు గీస్తున్నవ్?"

"ముప్పై." మల్లేశ్ ఇంక దాచలేదు, విసుగు వచ్చినట్టుంది. "మిగిలినయ్ ప్లాట్లల్ల పోయినయ్, తెల్వదా? పొద్దుగాల రెండు వందల మంది వస్తరు. ముప్పై చెట్ల కల్లు ఎట్ల సాలుతదనుకున్నవ్ పెద్దబాపు? నాలుగేండ్ల సంది ఒక్కనాడన్న అడిగినవా?"

అడగలేదు. ప్రతి చెట్టునూ పేరు పెట్టి పిలిచేవాడు, నాలుగేళ్ళలో చెట్లెన్ని మిగిలాయో అడగలేదు. మొదటి సీసా ఇస్తున్నారు, తల వైపు చూస్తున్నారు, అది చాలనుకున్నాడు.

అతను వరస వైపు తిరిగాడు. ముందు బాలనర్సమ్మ నిలబడి ఉంది, చేతిలో సద్ది టిఫిను.

"ఇది చెట్టుది కాదు. మందు కలిసింది" అన్నాడు. "నేను పట్టలేకపోయిన. మంచిగున్నదని మిమ్ముల నేనే తాగిపిచ్చిన. నర్సమ్మా, నీకు అప్పుడు పోసింది గూడ గిదే. తప్పయింది, మన్నించుండ్రి. దవాఖానల మాత్రలిస్తున్నరు, నేను గూడ మింగుతున్న. నడువుండ్రి, అందరం పోదాం."

ఎవరూ కదల్లేదు. ఎవరి ముఖంలోనూ కోపం లేదు. ఆశ్చర్యం అసలే లేదు. ఒకరిద్దరు తలలు దించుకున్నారు, పెద్దమనిషి పరువు పోతుంటే చూడలేనట్టు.

బాలనర్సమ్మ మెల్లగా అడిగింది. "ఎల్లన్నా, నిజంగ నీకు తెల్వదా?"

"ఏంది?"

"మందున్నదని మాకు ఎరికే. అందరికెరికే. పోరగాండ్లకు గూడ ఎరికే. ఎక్కువ పడితే మనిషి లేవడు, తక్కువ పడితే కాల్జేతులాడవు. రోజు ఒక్క తీరు పడది. నువ్వు నాలుకె మీద పెట్టి చూసి తల ఊపితే, ఇయ్యాల కొలత సరిగున్నదని తాగుతున్నం. నువ్వు గందుకే కూసుంటున్నవనుకున్నం. నువ్వు రాని మూడు దినాలు భయపడుకుంట తాగినం."

ఎల్లం వరసలో ఉన్న ముఖాలను ఒక్కొక్కటిగా చూశాడు. సృజన అతని మోచెయ్యి పట్టుకుంది.

బాలనర్సమ్మ మల్లేశ్ చేతిలోని మొదటి సీసా తీసుకుని ఎల్లం ముందు పట్టింది. ఆమె చెయ్యి వణుకుతోంది. "దవాఖానకు రేపొస్త అన్నా. ఇయ్యాల కోతలున్నయ్, పోకుంటె కైకిలి పోతది. జర చూసి చెప్పు. ఎక్కువ పడ్డదా, తక్కువ పడ్డదా?"

"నాకు తెల్వదు చెల్లె" అన్నాడు ఎల్లం.

ఆమె సీసాను వెలుతురుకు పెట్టి తిప్పి చూసింది. వెనక నుంచి ఎవరో పొద్దెక్కుతోందన్నారు. బాలనర్సమ్మ కళ్ళు మూసుకుని సీసా ఎత్తి తాగింది. తాగి, పక్కకు జరిగి గోడకు ఆనుకుని నిలబడింది. వరసలో ఉన్న రెండు వందల మందీ ఆమెకు ఏమవుతుందో చూస్తూ ఉన్నారు.